సగం మామయ్యా, తవ్వని సగం గొయ్యీ

మా వీధిలో ఒక ఇంటి ముందుగది గోడ చాలా ఏళ్ళపాటు సగం నీలంగా, సగం మాసిన తెల్లగా ఉండేది. రెండు రంగులకీ మధ్య గీత మాత్రం దారానికి గుండు కట్టి చూసినంత నిలువుగా ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో ఫ్యాషన్ అనుకుని మెచ్చుకునేవాళ్ళు. అలా మెచ్చుకున్నవాళ్ళకి ఆ ఇంటి అత్తయ్య మంచినీళ్ళు కూడా ఇచ్చేది కాదు.

ఆ రంగు వేసింది ఆవిడ మొగుడు, మేమంతా సగం మామయ్య అని పిలిచే ఆయన. రంగు చాలక ఆపలేదు, ఒళ్ళు బరువెక్కీ ఆపలేదు. "పాత గోడ ఎలా ఉండేదో రేపెవరైనా చూడాలంటే?" అని ఆపాడు. పాత గోడ చూపించమని అడుగుతూ ఎవరూ రాలేదు. వాళ్ళు దారిలో ఉన్నారనే ధీమాతోనే మామయ్య కాలం గడిపాడు.

ఇది పుట్టుకతో వచ్చిన రోగం కాదు. పెళ్ళినాటికి ఆయన మామూలు మనిషే. నీళ్ళ గొట్టాలకి కాలవలు తవ్వేవాడు, తవ్విన కాలవ చివరిదాకా తవ్వేవాడు. ఊరి బయట గుట్ట మీద నిలువురాళ్ళున్నాయి. అక్షరాలు పుట్టకముందే ఎవరో మనుషులు మనిషికి రెండింతలున్న బండల్ని ఎక్కడినుంచో లాక్కొచ్చి వలయంగా పాతి వెళ్ళిపోయారు. ఎందుకు పాతారో చెప్పి వెళ్ళలేదు. ఆ చిన్న మతిమరుపు వల్ల ముందుముందు ఎంతమందికి ఉద్యోగాలు దొరుకుతాయో పాపం వాళ్ళు ఊహించి ఉండరు. వలయంలో అన్నిటికంటే పెద్ద రాయి మాత్రం నేల మీద పడి ఉండేది.

ఆ రాళ్ళని తవ్వి చూడ్డానికి ఒక మేడమ్ తన బృందంతో వచ్చింది. తవ్వడానికి మనుషులు కావాలంటే మామయ్య గునపం భుజాన వేసుకుని వెళ్ళాడు. మొదటి రోజే గొట్టం వేసే కాలవలాగా నడుంలోతు దించేశాడు. మేడమ్ గట్టు మీద నిలబడి కాసేపు చూసింది. దిగొచ్చి గునపం తీసేసుకుని, చేతిలో చిన్న తాపీ పెట్టింది.

"గొట్టం వెయ్యడానికి కాదయ్యా మనం తవ్వేది, చూడ్డానికి" అంది.

అక్కడితో మామయ్య కాపురానికి గండి పడింది.

పడిన పెద్దరాయి మొదలు దగ్గర, గట్టినేల మధ్య నల్లటి మట్టి మచ్చ ఒకటి కనిపించింది. ఒకప్పుడు ఆ రాయి నిలబడ్డ గొయ్యి అది. రాయి పడ్డాక గోతిలోకి మట్టి చేరింది. మట్టినంతా ఒక్కసారి ఎత్తి పారేస్తే మిగిలేది వట్టి గొయ్యి. అలాకాక మచ్చకి నట్టనడుమ దారం కట్టి ఒక్క సగమే తవ్వితే, రెండో సగం రొట్టె కోసినట్టు నిలువుగా నిలబడుతుంది. ఏ మట్టి ముందు చేరిందో, ఏది తర్వాతో పొరలుపొరలుగా చూపిస్తుంది. మేడమ్ ఇది నేర్పింది, మామయ్య నేర్చుకున్నాడు. నేర్చుకోవడమంటే మామూలుగా కాదు. తాపీ అంచుతో గీరుతుంటే గోతిమట్టి సరసరమనేది, పక్కన గట్టినేల కరకరమనేది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య సరిహద్దు మీద ఆయన చెయ్యి వెంట్రుకవాసి పక్కకి పోకుండా నడిచేది. పని చేస్తున్నంతసేపూ నోరు మూసుకునేవాడు. తర్వాత నోరు తెరిస్తే మూసేవాడు కాదు, అది వేరే సంగతి.

ఆ పొరల బొమ్మ కాగితం మీద గీసుకున్నాక రెండో సగం కూడా తవ్వేయడం మామూలు. మేడమ్ ఎందుకో ఆగింది. "మిగతాది వదిలేద్దాం. మన తర్వాత వచ్చేవాళ్ళ దగ్గర మనకంటే మంచి పనిముట్లుంటాయి, మంచి బుర్రలుంటాయి. వాళ్ళకీ ఏదో ఒకటి మిగలాలిగా" అంది. తవ్విన సగంలోకి మట్టి తిరిగి నింపించింది. వెళ్ళేటప్పుడు మామయ్యతో "దీన్ని కాస్త చూస్తూ ఉండు" అని బండెక్కింది. పక్కింటివాళ్ళకి పాలగిన్నె అప్పజెప్పినట్టు యథాలాపంగా అని ఉంటుంది. మామయ్య దాన్ని కన్నతల్లి ఆఖరి కోరికలా తీసుకున్నాడు.

ఆ తర్వాత మేడమ్ వేరే చోటికి వెళ్ళింది, ఉద్యోగం కూడా మానేసింది. గుట్ట మీద కాపలా పని మామయ్యకి దొరికింది. ఇంట్లో సగాల యుగం మొదలైంది. పెట్టె సర్దమంటే సగం సర్దేవాడు. పెరట్లో గడ్డి పీకమంటే దారం కట్టి ఒక పక్కే పీకేవాడు. వంటగది తూము మూసుకుపోయినప్పుడైతే చెప్పక్కర్లేదు. అత్తయ్య చీపురుపుల్లతో పొడిస్తే పోయేదాన్ని, మామయ్య రాళ్ళు లేపి, పొడుగునా సగం తవ్వి, బోర్లా పడుకుని చూశాడు.

"ఇదిగో, పైన ఇది కాఫీపొడి పొర. దాని కింద ఈ బూడిదరంగు, గచ్చు చేయించినప్పుడు జారిన సిమెంటు. దాని కింద..."

దాని కింద ఏదో మెరిసింది. ఎప్పుడో పోయిన అత్తయ్య చెవి దుద్దు. ఆడపడుచు వచ్చి వెళ్ళాకే అది కనిపించలేదని అత్తయ్య అప్పటినుంచీ అంటూ వస్తోంది. పేరు పెట్టి అనేది కాదు, పేరు తప్ప అన్నీ అనేది.

మామయ్య దుద్దు తియ్యలేదు. పొర వంక చూస్తూ ఉండిపోయాడు. "ఏమే, ఇది సిమెంటు కింద ఉంది. అంటే గచ్చు చేయించకముందే పడింది. మా చెల్లెలు వచ్చింది గచ్చు చేయించాక."

"దొరికింది కదా. ఇంక లే."

"పొర అబద్ధం చెప్పదే."

"పొర చెప్పదు సరే, నువ్వు కాసేపు నోరు మూసుకుంటే దాని సొమ్మేం పోదు!"

ఆదిమ మానవుడి గురించి ఒక్క ముక్క కూడా రూఢిగా తేల్చలేని శాస్త్రం, ఆడపడుచు కేసులో మాత్రం కాఫీ చల్లారేలోపు తీర్పిచ్చేసింది. తూములో మిగతా సగం మామయ్య అలాగే ఉంచేవాడే. ఇంకేం బయటపడుతుందోనని కాబోలు, అత్తయ్యే చేతికందిన గరిటెతో ఊడ్చిపారేసింది. గుట్ట పేరెత్తితే చాలు, "నా సవతి" అనేది. దాని మొహం చూడనని ఒట్టు కూడా పెట్టుకుంది. ఆవిడ ఇంట్లోనే మిషను మీద బట్టలు కుట్టేది. వీధిలో సగంమంది పిల్లల గౌన్లూ చొక్కాలూ ఆవిడ చేతి కుట్టే.

ఇక గోతి గురించి పండితులు. ముఖ్యంగా ఇద్దరు. పెద్దరాయిని మనుషులే కావాలని కూల్చేశారని ఒకాయన అనేవాడు, వానలకి మొదలు కదిలి దానంతటదే కూలిందని ఇంకొకాయన అనేవాడు. వీధిలో మేం వాళ్ళని కూల్చారాయన, కూలిందాయన అనుకునేవాళ్ళం. ఇద్దరూ అదే సగం గోతి బొమ్మ చూసి, చెరో లావుపాటి పుస్తకం రాశారు. ఏటా ఇద్దరూ చెరో విద్యార్థుల మందతో వచ్చి, గోతికి చెరో పక్కన నిలబడి పాఠం చెప్పేవాళ్ళు. మధ్యలో మామయ్య మంచినీళ్ళు అందిస్తూ "రెండో సగం చూస్తేగానీ తెలీదండి" అనేవాడు.

"అయితే తవ్వవయ్యా!"

"తవ్వకూడదండి."

నిజానికి ఆ ఇద్దరి పుస్తకాలకీ పునాది తవ్విన సగం కాదు, తవ్వని సగం. అది అలా ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ పండితులే.

ఇలా అందరూ సుఖంగా ఉండగా పట్టణ సంఘానికి కొత్త అధికారి వచ్చాడు. గుట్ట చుట్టూ తిరిగి చూసి, అన్నీ నిలబడి ఉంటే పెద్దది పడుకుని ఉండటం ఏమిటని అడిగాడు. "పడుకున్న రాయి పక్కన ఫొటో ఎవరు దిగుతారు? లేపండి" అన్నాడు. వేల ఏళ్ళనాటి సమస్య ఆ ఒక్క మాటతో పరిష్కారమైపోయింది. లేపే పని అత్తయ్య తమ్ముడికి దక్కింది. లోకంలో ఏ సమస్యకైనా సిమెంటూ ఇసకా కంకరా కలిపి తిప్పితే జవాబు వస్తుందని నమ్మే మనిషి అతను. పనిలో మాత్రం తిరుగులేదు. అతను పోసిన మెట్టు అరిగింది గానీ విరిగింది లేదు.

అక్క ఇంటికొచ్చి, సగం గోడకి ఎదురుగా కూర్చుని, శుభవార్తలాగా చెప్పాడు. "బావా, మిషను పెట్టి గొయ్యి మొత్తం శుభ్రంగా తోడేస్తాను. అడుగునుంచి కాంక్రీటు పోసి నిలబెడతా. నీ మునిమనవలు వచ్చి ఊపినా కదలదు."

మామయ్య చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "ఆ సగం పోతుందిరా."

"ఏ సగం?"

"తవ్వని సగం."

"మట్టే కదా బావా! అంత ముద్దైతే బస్తాలకెత్తి ఇంట్లో పడేస్తాలే."

పుస్తకాన్ని అక్షరం అక్షరం కత్తిరించి సీసాలో పోసిచ్చి, ఇదిగో నీ పుస్తకం అన్నట్టుంది ఆ మాట. మామయ్యకి అన్నం సయించలేదు. అధికారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన సానుభూతిగా విని, పనిని అనుకున్నదానికంటే వారం ముందుకి జరిపాడు. కూల్చారాయన దగ్గరికి వెళ్ళాడు. "తవ్వనివ్వవయ్యా, నా మాటే నిజమని తేలిపోతుంది" అన్నాడాయన. కూలిందాయన దగ్గరికి వెళ్తే ఆయన కూడా పొల్లుపోకుండా అదే మాటన్నాడు.

పని మొదలయ్యే పొద్దున తవ్వే మిషను గుట్టెక్కేసరికి, తవ్వని సగం మీద ఇనప కుర్చీ వేసుకుని మామయ్య కూర్చుని ఉన్నాడు.

"బావా, లే."

"లేవను."

"బావా, మిషను గంటల లెక్కన తెచ్చానయ్యా!"

"దాన్నీ కూర్చోమను."

అధికారి వచ్చాడు. వినోదం చూద్దామని పండితులిద్దరూ వచ్చారు. అధికారి వాళ్ళని చూసి ముచ్చటపడ్డాడు. "మంచిదే, ఇద్దరూ ఉన్నారు. ఈయన్ని లేపి మొత్తం తీసేస్తాం. కూల్చారో కూలిందో ఓ గంటలో మీ కళ్ళముందే తేలిపోతుంది."

ఓ గంటలో అనేసరికి ఇద్దరి మొహాల్లో రంగు మారింది. తవ్వాక ఒక పుస్తకం పచ్చడైపోతుంది. ఎవరిదో ఇద్దరికీ తెలీదు. కూల్చారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "తొందర... అంటే, శాస్త్రానికి ఓపిక ముఖ్యం కదండీ" అని నీళ్ళు నమిలాడు. "నేనూ అదే అందామనుకుంటున్నాను, భావితరాలకి..." అని కూలిందాయన అందుకున్నాడు. ఎన్నేళ్ళ వైరమో అలా ఒక్క క్షణంలో సమసిపోయింది. ఆ సంగతే గట్టిగా ఒక వ్యాసం రాస్తామని చెప్పి, ఇద్దరూ వెళ్ళి కారు నీడన నిలబడ్డారు. వ్యాసం అచ్చయ్యేదాకా మిషను ఆగుతుందని కాబోలు.

బావమరిది ఇక లాభంలేదని ఫోను తీశాడు. "అక్కా, బావ గోతి మీద కూర్చుని లేవనంటున్నాడు. నువ్వొచ్చి తీసుకుపో."

ఒట్టు గట్టున పెట్టి అత్తయ్య వచ్చింది. మెడలో కొలతల టేపు, చేతిలో సగం కుట్టిన పసిపిల్ల గౌను అలాగే ఉన్నాయి. చెవి పట్టుకుని లాక్కుపోతుందని అందరం ఎదురుచూశాం. బావమరిది మిషను నడిపేవాడికి సిద్ధంగా ఉండమని సైగ కూడా చేశాడు.

అత్తయ్య కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇదేనా నా సవతి?"

"ఇదే."

"ఇంత గొప్పగా చెప్పావ్, వట్టి నేలలా ఉంది. లోపలేముంది?"

"తెలీదు."

"తెలీదా? జుట్టు నెరిసిందాకా కాపలా కాసి, లోపలేముందో తెలీదా?"

"తెలిస్తే కాపలా ఎందుకే?"

"చూడాలని లేదూ నీకు?"

ఇంతకాలం ఎవరూ మామయ్యని ఆ ప్రశ్న అడగలేదు. అందరూ తవ్వమన్నవాళ్ళో, వద్దన్నవాళ్ళో. ఆయన కాసేపు కాళ్ళకిందికి చూశాడు.

"లేకేం? తాపీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఉంటుంది. ఒక్క పూట పని, అంతే. కానీ నేను తవ్వితే నాకు కనిపించేదే కనిపిస్తుంది. నాకు కనిపించనిది చూడగలిగేవాడు రేపొస్తే వాడికి ఉత్త గొయ్యి మిగులుతుంది. ఒక్కసారి తవ్విన మట్టిని మళ్ళీ తవ్వలేమే."

అత్తయ్య చేతిలో గౌను తిరగేసింది. పక్క కుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ మడిచి వదిలి ఉంది. ఆవిడ కుట్టిన ప్రతి గౌనులోనూ ఉంటుంది. పిల్ల ఎదిగాక కుట్టు విప్పి వదులు చేసుకోడానికి. మిగతా దర్జీలు ఆ గుడ్డ కత్తిరించేస్తారు, గౌను చూడ్డానికి ఇంకాస్త నాజూగ్గా ఉంటుందని.

"ఈ ముక్కేదో మొదట్లోనే చెప్పి ఏడవచ్చుగా" అంది మొగుడితో. "శాస్త్రమనీ పొరలనీ నా బుర్ర తిన్నావు గానీ, లోపలికి గుడ్డ వదిలానని ఒక్కసారన్నా చెప్పావా?" అని తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ సగం జోలికి పోకు."

"అక్కా! నువ్వు కూడానా?"

"తవ్విన సగం ఉందిగా. అందులో పొయ్యి నీ కాంక్రీటు."

"రాయి పక్కకి పోతుందే!"

"ఎంత పోతుంది?" అత్తయ్య మెడలో టేపు తీసి తనే నేల మీద పరిచింది. "మూరెడు. మూరెడు పక్కకి నిలబెట్టడం చేతకాదా నీకు? చేతకాకపోతే చెప్పు, ఇంకెవర్నైనా పిలుస్తారు."

చేతకాదా అన్న మాట ఆ ఇంటి మగవాళ్ళ దగ్గర వాడకూడని మందు. బావమరిది మొహం ఎర్రబడింది. కానీ అధికారి ఒప్పుకోవాలి. ఆయన కళ్ళు చిట్లించి దూరంనుంచి చూసి అడిగాడు. "ఫొటోలో తెలుస్తుందా?"

"తెలీదు సార్."

"అయితే కానివ్వండి."

శాస్త్రం, భావితరాలు, మేడమ్ మాట, మామయ్య కుర్చీ, ఇన్ని కలిసి చెయ్యలేని పని ఫొటో చేసింది. పండితులిద్దరూ కారు నీడనుంచి బయటికొచ్చి మామయ్య చెయ్యి పట్టుకుని ఊపారు, తామే గెలిచినట్టు. నిజానికి గెలిచింది వాళ్ళే.

ఆ తర్వాత మాటలు ఆగి పని మొదలైంది. చూడదగ్గది అదే. పాత సగంలో తిరిగి నింపిన మట్టిని మామయ్య తాపీతోనే తీశాడు, మిషనుని దగ్గరికి రానివ్వలేదు. తవ్వని సగం గోడ బయటపడ్డాక దాని మీదికి పలచటి గుడ్డ, దానికి ముందు ఇసక, ఆ ముందు బల్ల చెక్క బిగించారు, కాంక్రీటు తడి మట్టికి తగలకుండా. చెక్క కదలకుండా బావమరిది ఆనించిన ఊతాలు చూస్తే, ఇంతసేపూ తెగవాగింది ఇతనేనా అనిపించింది. ఇద్దరూ ఒకరికొకరు సుత్తి, మేకు అందించుకున్నారే తప్ప మాట్లాడలేదు. రాయి మొదలు దిగడానికి మధ్యలో గుంట వదిలి పోసిన కాంక్రీటు గట్టిపడ్డాక క్రేను వచ్చింది. పట్టీలు రాయిని ఒరుసుకోకుండా మధ్యలో పెట్టడానికి మెత్తనిది ఏదైనా కావాలన్నారు. అత్తయ్య ముక్కగుడ్డల మూట పంపింది. వీధిలో పిల్లలందరి చొక్కా ముక్కలూ ఒత్తుగా పెట్టుకుని, ఆ పెద్దరాయి మెల్లగా లేచి నిలబడింది. నిలువు చూడ్డానికి ఒక పక్క మామయ్య, ఇంకో పక్క బావమరిది దారాలు పట్టుకున్నారు. ఇద్దరి దారాలూ ఒప్పుకున్నాకే వదిలారు.

రాయి అసలు చోటికి మూరెడు పక్కన ఉందనీ, సగం గొయ్యి కింద అలాగే ఉందనీ బోర్డు మీద రాయాలని మామయ్య పట్టుబట్టాడు. రాశారు. ప్రారంభించినవారి పేర్లూ, వారి వెంట వచ్చినవారి పేర్లూ అయ్యాక, అడుగున మిగిలిన చోట. ఆ ఏడు వానలకి గడ్డి పెరిగి సరిగ్గా ఆ వాక్యాన్నే కప్పింది.

మరుసటేడు మూడో పండితుడు వచ్చాడు. కొత్త రకం పరికరంతో వలయమంతా కొలిచి, పెద్దరాయి మూరెడు బయటికి ఉండటం కాకతాళీయం కాదని తేల్చాడు. ఏడాదిలో ఫలానా రోజున ఉదయించే సూర్యుడు సరిగ్గా ఆ రాయి భుజం మీదుగా కనిపిస్తాడట.

"అది మా బావమరిది నిలబెట్టాడండి" అన్నాడు మామయ్య, గడ్డి పక్కకి తీసి చూపిస్తూ. "మూరెడు జరిపించింది మా ఆవిడ."

పండితుడు చాలాసేపు ఆలోచించాడు. "ఆవిడ ఏం చేస్తుంటారు?"

"బట్టలు కుడుతుందండి."

"చూశారా, ఆవిడకే తెలియకుండా ఆవిడలో ఆ ప్రాచీన జ్ఞానం..." అంటూ రాసుకున్నాడు. మామయ్య ఇంటికొచ్చి ఆ మాట చెబితే, అత్తయ్య మిషను ఆపకుండానే, "ఆ జ్ఞానమేదో ఈ గోడ సంగతి కూడా చెబుతోంది, వినపడుతోందా?" అంది.

గోడ విషయంలో ఆవిడ మెత్తబడలేదు.

"గోతిలో ఏముందో తెలీదన్నావు, ఒప్పుకున్నాను. ఈ గోడలో ఏముంది?"

"పాత రంగు."

"దాని కింద?"

"అంతకంటే పాత రంగు."

"దాని కింద?"

"గోడ."

"అన్నీ తెలిసినప్పుడు ఇంకెవడి కోసమయ్యా దాచడం? వెయ్యి రంగు."

తవ్వని సగం కోసం మిషనుకి ఎదురు కూర్చున్న మనిషి, ఆ పూటే కుంచె పట్టుకుని గోడంతా నీలం చేసేశాడు. ఆ సాయంత్రమే అలసట కూడా చూసుకోకుండా, చెక్క బీరువాని తనే తోసుకొచ్చి ఆ గోడకి ఆనించాడు. ఇంత పని ఒకే రోజు చెయ్యడం చూసి అత్తయ్యకి అప్పుడే అనుమానం రావాలి.

తర్వాత కొన్నాళ్ళకి ఆ బీరువా తలుపు ఊడితే బిగించడానికి నన్ను పిలిచారు. ముందుకి జరిపి చూద్దును కదా, వెనక నీలం గోడ మధ్య అరచేయంత మాసిన తెలుపు, నాలుగు అంచులూ దారం కట్టి గీసినట్టు ఉంది. అత్తయ్య కూడా నా భుజం మీదుగా చూసింది.

"తలుపు బిగించాక, బీరువాని మళ్ళీ గోడకి సరిగ్గా ఆనించి వెళ్ళు నాయనా" అంది.